ఎండాకాలం టైర్లలో గాలి తగ్గించకండి

మార్చి దాటగానే పెట్రోలు బంకు దగ్గర, పంక్చరు కొట్టు దగ్గర, ఊరికి బయలుదేరుతున్న ఇంటి గుమ్మం దగ్గర ఒకటే మాట వినిపిస్తుంది. “ఎండలు మండిపోతున్నాయి, గాలి రెండు మూడు పాయింట్లు తగ్గించి పెట్టించుకోండి, లేకపోతే దారిలో టైరు పేలుతుంది.” చెప్పేవాళ్లు మన మేలు కోరే చెబుతారు. నాన్నలు చెబుతారు, బావమరుదులు చెబుతారు, ఏళ్ల తరబడి బండి నడిపిన డ్రైవర్లు చెబుతారు. వినడానికి సబబుగానే ఉంటుంది. వేడికి గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తే టైరులో ఒత్తిడి పెరుగుతుంది, కాబట్టి ముందే కాస్త చోటు వదిలి ఉంచాలి. ఈ తర్కంలో మొదటి రెండు మెట్లు నిజం. మూడో మెట్టు దగ్గర మనుషుల ప్రాణాలు పోతున్నాయి.

హైవే మీద వేగంగా వెళ్తున్న కారు టైరు ఉన్నట్టుండి పేలిపోవడానికి గాలి ఎక్కువ కావడం కన్నా తక్కువ కావడమే పెద్ద కారణం. ఈ సంగతి టైర్ల తయారీదారులకు తెలుసు, ఇంజినీర్లకు తెలుసు, బండి కొన్నప్పుడు చేతికిచ్చిన పుస్తకంలోనూ ఉంటుంది. అయినా మన ఇళ్లలో ప్రతి వేసవికీ దీనికి సరిగ్గా తలకిందులైన సలహా చేతులు మారుతూనే ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు టైరు లోపల జరిగేది చూద్దాం. కారు బరువంతా నాలుగు చోట్ల, ఒక్కోటి అరచేయంత స్థలం మీద ఆనుతుంది. రోడ్డును తాకిన చోట టైరు కొంచెం నలుగుతుంది, పక్కగోడ బయటికి ఉబుకుతుంది. చక్రం తిరిగి ఆ భాగం పైకి లేవగానే మళ్లీ యథాస్థితికి వస్తుంది. చిన్న కార్లకు వచ్చే 14 అంగుళాల రిమ్ముల టైరు చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 14 సార్లు తిరుగుతుంది, గంటలో 51 వేల సార్లకు పైగా. హైదరాబాదు నుంచి విజయవాడ చేరేలోపు పక్కగోడలోని ప్రతి అంగుళమూ సుమారు లక్షా నలభై వేల సార్లు వంగి లేస్తుంది. ఇనుప తీగను చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ పదేపదే వంచితే వంపు దగ్గర వేడెక్కి చివరికి పుటుక్కున తెగుతుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే. వంగిన రబ్బరు తీసుకున్న శక్తినంతా తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా మిగుల్చుకుంటుంది.

గాలి సరిగ్గా ఉన్నప్పుడు వంపు తక్కువ. పుట్టిన వేడిని ఎదురుగాలి ఎప్పటికప్పుడు లాగేస్తుంది, ఒక స్థాయి దగ్గర టైరు నిలకడగా ఉంటుంది. గాలి తగ్గిందంటే బరువును మోసే పని పక్కగోడ మీద పడుతుంది. అది మరింత లోతుగా వంగుతుంది, మరింత వేడి పుడుతుంది. వేడెక్కిన రబ్బరుకు, దాని కింద చాపలా పరిచిన ఉక్కు తీగలకు మధ్య పట్టు సడలడం మొదలవుతుంది. ఆ తీగలకు ఇత్తడి పూత పూసి రబ్బరుతో కలిపి ఉడికించేది ఈ పట్టు కోసమే. పట్టు సడలిన చోట పొరల మధ్య సన్నటి చీలిక పుడుతుంది, చీలిక అంచుల రాపిడితో ఇంకా వేడి. బయటి నుంచి చూస్తే టైరు కొత్తదానిలాగే కనిపిస్తూ ఉంటుంది. చివరికి ఒక క్షణంలో పైపొర ఊడి వస్తుంది, లేదా పక్కగోడ చీలిపోయి గాలంతా ఒక్కసారిగా బయటికి దూకుతుంది. మనకు వినిపించే చప్పుడు ఆ చివరి క్షణానిదే. దాని వెనక గంటలు, రోజులు, ఒక్కోసారి నెలలు ఉన్నాయి.

వేగం మరీ పెరిగి, గాలి మరీ తక్కువైతే ఇంకో సంగతి జరుగుతుంది. నలిగిన భాగం రోడ్డును వదిలి పైకి లేచాక పూర్తిగా సర్దుకునేలోపే మళ్లీ రోడ్డును తాకే వంతు వచ్చేస్తుంది. దాంతో టైరు వెనక భాగంలో అలలు లేచి అక్కడే నిలిచిపోతాయి. అంత దూరం వచ్చిన టైరు నిమిషాల లెక్కలో నాశనమవుతుంది.

మరి వేడికి పెరిగే ఒత్తిడి సంగతో? దాన్నీ లెక్కవేద్దాం, ఎందుకంటే భయమంతా అక్కడే ఉంది. ఉదయం 25 డిగ్రీల దగ్గర 33 పాయింట్ల గాలి పెట్టించారనుకోండి. మధ్యాహ్నం దాకా హైవే మీద నడిపాక లోపలి గాలి 70 డిగ్రీలకు చేరిందనుకుందాం. వాయువుల సూత్రం ప్రకారం మీటరు సుమారు 40 చూపిస్తుంది. ఏడు పాయింట్లు పెరిగింది. చాలా కారు టైర్ల పక్కగోడ మీద గరిష్ఠ ఒత్తిడిగా 44 అనో 51 అనో అచ్చువేసి ఉంటుంది, అదీ చల్లగా ఉన్నప్పుడు కొలిచే అంకె. పైగా ఆరోగ్యంగా ఉన్న కొత్త టైరు పగలాలంటే దానికి కొన్ని రెట్లు ఒత్తిడి కావాలి. తయారుచేసినవాళ్లు 33 అని చెప్పినప్పుడే వేడెక్కాక అది 40 అవుతుందని లెక్కలో వేసుకున్నారు. మనం మళ్లీ విడిగా చోటు వదలనక్కరలేదు.

ఇప్పుడు దారి మధ్యలో జరిగే అసలు తప్పు చూడండి. టిఫినుకు ఆగారు. పక్కనే గాలి పట్టే కొట్టు ఉంది. కొలిపిస్తే 40 చూపించింది. “అమ్మో, ఎక్కువైపోయింది” అని 33కి తీయించేశారు. ఆ టైరు మర్నాడు ఉదయం చల్లారాక కొలిస్తే ఉండేది దాదాపు 27. చేజేతులా ఆరు పాయింట్లు తీసేసి, నలుగురు మనుషుల్నీ సామానునూ ఎక్కించి, మళ్లీ అదే ఎండలో అదే వేగంతో వెళ్తాం. కారులో టైరు గాలి హెచ్చరిక దీపం ఉన్నా అది వెలగకపోవచ్చు. అమెరికా ప్రమాణం ప్రకారం ఆ దీపం వెలగవలసింది చెప్పిన ఒత్తిడి కన్నా 25 శాతం తగ్గినప్పుడు. 33కి 27 అంటే 18 శాతమే తగ్గినట్టు.

వేడి టైరులో గాలి తీయకూడదు. ఈ ఒక్క మాట మీ ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ చెప్పండి.

మా మేనమామ జీవితమంతా లారీ నడిపారు. బడి సెలవుల్లో ఆయనతో వెళ్లినప్పుడు ఒకటి గమనించేవాడిని. టీకి ఆగిన ప్రతిచోటా క్లీనరు ఇనుప రాడ్డుతో వెనక జంట చక్రాల్ని ఒక్కొక్కటిగా కొట్టుకుంటూ వెళ్లేవాడు. గాలి నిండుగా ఉన్నది ఖంగుమంటుంది, తగ్గినది మెత్తగా పలుకుతుంది. మామయ్య మాత్రం అరచెయ్యి వెనక భాగం ఆనించి చూసేవారు. “ఇటు రా నాన్నా, చెయ్యి పెట్టి చూడు. మిగతావాటికన్నా ఏది ఎక్కువ కాలుతుందో దానిలో గాలి తక్కువుందన్నమాట” అన్నారు ఒకసారి. నేను పుస్తకాల్లో చదివినదంతా ఆ ఒక్క మాటకు వివరణే. జంట చక్రాల్లో ఒకటి గాలి పోగొట్టుకుంటే దాని బరువూ పక్కది మోస్తుంది, రెండూ ఒరుసుకుంటాయి, ఒక్కోసారి మంటలూ లేస్తాయి. లారీ మనుషులు దీన్ని ఎన్నడూ విధికి వదిలేయలేదు, ఎందుకంటే టైరు వాళ్ల కూడు. కార్లు కొనుక్కున్న మనం ఆ రాడ్డు చప్పుడు వినడం మానేశాం.

ఈ విధి అన్న మాట ఒకసారి న్యాయస్థానం దాకా వెళ్లింది. 2010 అక్టోబరు 25న పుణె నుంచి ముంబయికి వెళ్తున్న కారు వెనక టైరు పేలి, బండి లోతైన గోతిలో పడి అందులో ఉన్న ఒక వ్యక్తి చనిపోయాడు. ఇంటికి సంపాదించి పెట్టేది అతనొక్కడే. ఆ కుటుంబానికి ట్రైబ్యునల్ 2016లో దాదాపు కోటీ పాతిక లక్షల పరిహారం చెల్లించమంది. బీమా సంస్థ అప్పీలుకు వెళ్లింది. టైరు పేలడం దైవికమని, నడిపినవాడి నిర్లక్ష్యం కాదని దాని వాదన. 2023లో బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి ఎస్.జి. దిగే ఆ వాదనను తోసిపుచ్చారు. దైవికం అంటే ఏ మనిషీ బాధ్యుడు కాని, ఎవరూ ఊహించలేని ప్రకృతి ఉత్పాతం. టైరు పేలడం అలాంటిది కాదు, మనిషి నిర్లక్ష్యం. అతివేగం, గాలి తక్కువ కావడమో ఎక్కువ కావడమో, వాడేసిన టైర్లు, ఉష్ణోగ్రత వంటివి కారణాలు కావచ్చు, బయలుదేరే ముందు టైరు స్థితి చూసుకోవలసింది యజమాని లేదా డ్రైవరు అని తీర్పు సారాంశం.

ఆ తీర్పును నేను మనసారా స్వాగతిస్తాను. పరిహారం ఒక్కటే దానికి కారణం కాదు. ‘టైరు పేలింది’ అన్నాక ఇంకేమీ అడగనక్కరలేదు అనే మన అలవాటును ఒక న్యాయస్థానం కాగితం మీద తప్పుపట్టింది. రోజూ పత్రికల జిల్లా పేజీల్లో చూస్తాం. టైరు పేలి అదుపు తప్పిన కారు, డివైడరు దాటి ఎదురుగా వస్తున్న లారీని ఢీకొన్నది, ఇంతమంది మరణించారు. కథ అక్కడితో ముగుస్తుంది. ఆ టైరు ఏ సంవత్సరానిది? దానిలో గాలి ఎంత? కారులో ఎంతమంది ఉన్నారు? అంతకుముందు వారం ఎక్కడైనా గుంతలో పడిందా? ఎవరూ అడగరు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ఏ నిబంధన ఉల్లంఘన వల్ల ఎన్ని ప్రమాదాలో చెప్పే పట్టికలో అతివేగం ఉంటుంది, మద్యం ఉంటుంది, రాంగ్ సైడు, సిగ్నల్ దాటడం, ఫోను మాట్లాడటం ఉంటాయి. టైరుకు అక్కడ విడిగా ఒక వరుస లేదు.

అడగకపోవడం వల్ల రెండు రకాల నష్టం. నిజంగా టైరు పేలిన చోట అసలు కారణం మరుగున పడుతుంది. టైరు పేలని చోట అబద్ధం చలామణీ అవుతుంది. 2023 జులై 1 తెల్లవారుజామున మహారాష్ట్రలోని సమృద్ధి మహామార్గం మీద, బుల్ధానా జిల్లాలో నాగపూర్ నుంచి పుణె వెళ్తున్న ప్రైవేటు బస్సు ప్రమాదానికి గురై మంటల్లో చిక్కుకుంది. పాతిక మంది కాలిపోయారు. ప్రాణాలతో బయటపడ్డ డ్రైవరు చెప్పిన మొదటి మాట టైరు పేలిందని. అన్ని వార్తల్లోనూ అదే వచ్చింది. తర్వాత మహారాష్ట్రలోని అమరావతి ప్రాంతీయ రవాణా అధికారులు ఇచ్చిన నివేదికలో టైరు పేలిన ఆనవాళ్లేమీ లేవని తేలింది. పేలి ఉంటే రోడ్డు మీద రబ్బరు ముక్కలుండాలి, చక్రం గీసిన గీతలుండాలి. అవి లేవు. వాళ్లు వెళ్లి చూశారు కాబట్టి తెలిసింది. చూడని ప్రమాదాలన్నింటిలో ఆ మొదటి మాటే ఆఖరి మాటగా మిగిలిపోతోంది.

ఒక్క మనిషి కూర్చుని లెక్క పెడితే ఏమవుతుందో అమెరికాలో తెలిసింది. స్టేట్ ఫార్మ్ అనే బీమా సంస్థలో శామ్ బోయ్‌డెన్ అనే పరిశోధకుడు క్లెయిముల ఫైళ్లు చూస్తూ ఒకే రకం ఫైర్‌స్టోన్ టైర్లు పైపొర ఊడి విఫలమైన ఉదంతాలు 21 గమనించి, 1998 జులైలో అక్కడి రహదారి భద్రతా సంస్థకు రాశాడు. వెంటనే ఎవరూ కదలలేదు. 2000 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లోని ఒక టీవీ కేంద్రం ఈ ప్రమాదాల గురించి కథనం ప్రసారం చేశాక ఫిర్యాదులు వెల్లువెత్తాయి, మే నెలలో అధికారిక దర్యాప్తు మొదలైంది, ఆగస్టు 9న 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచారు. చివరికి 271 మరణాలను ఆ టైర్లతో ముడిపెట్టారు. వాటిలో ఎక్కువ టైర్లు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే ఎత్తయిన బండికి బిగించినవి. పైపొర ఊడగానే ఆ బండి పల్టీ కొట్టేది.

ఆ ఉదంతంలో నన్ను ఆపి ఆలోచింపజేసేవి రెండు సంగతులు. మొదటిది గాలి. ఎక్స్‌ప్లోరర్‌కు ఫోర్డ్ చెప్పిన ఒత్తిడి 26 పాయింట్లు. టైరు కంపెనీ ఆ తర్వాత 30 పెట్టమంది. 26తో మొదలైన బండికి నెలకో పాయింటు సహజంగా జారిపోతే మిగిలేది ఎంత! ప్రమాదాలు ఎక్కువగా జరిగినవి టెక్సస్, ఫ్లారిడా, అరిజోనా, కాలిఫోర్నియా వంటి ఎండ రాష్ట్రాల్లో. వేడి, వేగం, బరువు, తక్కువ గాలి, ఈ నాలుగూ ఒకచోట కలిశాయి. మే నెలలో ఒంగోలు మీదుగానో కర్నూలు మీదుగానో కుటుంబంతో వెళ్లే కారుకు ఈ నాలుగింటిలో మొదటి మూడూ ఎలాగూ ఉన్నాయి. నాలుగోదాన్ని గాలి తగ్గించి మనమే చేరుస్తున్నాం.

రెండోది ఫ్యాక్టరీ. లోపమున్న టైర్లలో ఎక్కువ భాగం ఇల్లినాయి రాష్ట్రంలోని డెకేటర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చాయి. 1994 నుంచి 1996 దాకా అక్కడ యాజమాన్యానికీ కార్మికులకూ పెద్ద గొడవ. సమ్మె చేసినవాళ్ల చోట కొత్తవాళ్లను పెట్టి పని నడిపించారు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తలు ఆలన్ క్రూగర్, అలెగ్జాండర్ మాస్ 2004లో ప్రచురించిన పరిశోధనలో, విఫలమైన టైర్లు ఆ ఘర్షణ కాలంలో తయారైనవే ఎక్కువని చూపించారు. జీతాల్లో కోత, పని గంటల పెంపు అడిగిన కాలానికీ, సమ్మె నుంచి తిరిగొచ్చినవాళ్లు కొత్తవాళ్ల పక్కనే నిలబడి పనిచేసిన కాలానికీ లోపాలు పెరిగాయి. టైరు చాలా వరకు మనుషుల చేతుల్లో పొరలు పొరలుగా పేర్చుకుంటూ తయారయ్యే వస్తువు. ఆ చేతుల్ని బాధపెడితే అది ఏళ్ల తర్వాత, వేల మైళ్ల దూరంలో, ఎవరి ఇంటి మీదో పడుతుంది. కాబట్టి నేను నిర్లక్ష్యం అన్నప్పుడు ప్రతిసారీ డ్రైవరునే అంటున్నానని అనుకోకండి. కారణం యజమాని దగ్గర ఉండవచ్చు, గాలి కొట్టే యంత్రంలో ఉండవచ్చు, రోడ్డు వేసినవాడి దగ్గర, టైరు చేసినవాడి దగ్గర కూడా ఉండవచ్చు. ఎక్కడో ఒకచోట మనిషి దగ్గరే ఉంటుందన్నదే నా వాదన.

ఆ టైర్లను వెనక్కి పిలిచాక, 2000 నవంబరులో అమెరికా ఒక చట్టం చేసింది. దాని ఫలితంగా 2007 సెప్టెంబరు నుంచి అక్కడ తయారయ్యే కార్లన్నింటికీ టైరు గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి అయింది. మన దగ్గర ఖరీదైన మోడళ్లలో కనిపించే ఆ సౌకర్యం చవక రకాలన్నింటిలో ఉండదు. ఎక్కువ మందిని కుక్కుకుని, పాత టైర్లతో, ఎక్కువ దూరం వెళ్లేది చవక కార్లే. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద 2023లో గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120కి పెంచారు. రోడ్డు దానికి తగినదే కావచ్చు. ఆ రోడ్డెక్కే ప్రతి టైరూ దానికి తగినదేనా అని చూసేవాళ్లు ఎవరు? సమృద్ధి మార్గం మీద వరుస ప్రమాదాల తర్వాత ప్రవేశ ద్వారాల దగ్గర టైర్లు పరీక్షించి, అరిగిపోయినవి ఉన్న బండ్లను వెనక్కి పంపడం మొదలుపెట్టారు. మన టోల్ గేట్ల దగ్గర అది ఎందుకు చేయకూడదు?

టైరు వయసు గురించి ఒక మాట. అపార్టుమెంటు సెల్లార్లలో ఏళ్ల తరబడి కదలని కార్లు మనకు తెలుసు. కొడుకో కూతురో విదేశాల నుంచి సెలవుకు వచ్చినప్పుడు వాటికి కవరు తీస్తారు. బ్యాటరీ మార్పిస్తారు, కడిగిస్తారు, తిరుమలకో శ్రీశైలానికో బయలుదేరుతారు. టైర్ల గాడులు లోతుగానే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ రబ్బరు తిరగకపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఎండ దాన్ని గట్టిపరిచి పగుళ్లు తెస్తాయి. పక్కగోడ మీద అండాకారపు గడిలో నాలుగంకెలుంటాయి. 3517 అంటే 2017లో 35వ వారంలో తయారైనది. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్లు దాటితే మార్చమంటాయి, పదేళ్లు దాటినదాన్ని గాడులు ఎంత బాగున్నా వాడకూడదని టైరు కంపెనీలే చెబుతాయి. డిక్కీలోని స్టెప్నీకీ అదే వయసు. అవసరం వచ్చినప్పుడు అమాయకంగా దాన్ని తీసి బిగించి మళ్లీ వందలో వెళ్లడం చూస్తే నాకు గుండె జారిపోతుంది.

పంక్చరు వేయించేటప్పుడు కూడా కళ్లు తెరిచి చూడవలసినది ఒకటుంది. గాలి పోయిన సంగతి తెలియకుండా కిలోమీటరో రెండో నడిపారనుకోండి. మామూలుగా కొట్టువాడు బయటి నుంచే సూదితో పట్టీ దూర్చి, గాలి పట్టి పంపేస్తాడు. అలాంటప్పుడు టైరును రిమ్ము నుంచి విప్పించి లోపల చూడాలి. పక్కగోడ లోపలి వైపు నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటే, చుట్టూ వలయంలా ఒరుసుకున్న గీత ఉంటే, ఆ గోడ చచ్చిపోయినట్టే. మేకు రంధ్రం మూసినా లాభం లేదు. వారానికో నెలకో, మీరు పంక్చరు సంగతే మరిచిపోయాక, అది పేలుతుంది. పక్కగోడకు పడ్డ రంధ్రాన్ని పూడ్చి నడపడం ఎప్పుడూ తగదు. గుంతలోనో, కల్వర్టు అంచు మీదో గట్టిగా పడ్డాక టైరు పక్కన బుగ్గ లేచిందంటే లోపల దారాలు తెగాయని అర్థం. అక్కడ రోడ్డుకూ గాలికీ మధ్య మిగిలింది ఉత్త రబ్బరే.

నైట్రోజన్ సంగతి చాలామంది అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. శుద్ధమైనది పట్టిస్తే తేమ ఉండదు, కాస్త నెమ్మదిగా జారుతుంది. అంతకు మించి ఆశించకండి. నైట్రోజన్ ఉంది కదా అని నెలల తరబడి కొలవడం మానేస్తే కలిగేది నష్టమే.

రీబటన్ టైర్లను, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు పైపొర అతికించినవాటిని, అందరూ తిడతారు. రోడ్డు మీద పడి ఉన్న లారీ టైరు తొక్కల్ని చూసి ఇవన్నీ రీబటన్‌వే అంటారు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో అలాంటి ముక్కల్ని పెద్దఎత్తున ఏరి పరీక్షిస్తే రీబటన్‌వి వాటి వాడకానికి తగ్గ పాళ్లలోనే తేలాయి తప్ప ప్రత్యేకంగా ఎక్కువేమీ లేవు. అక్కడి రీబటన్ నాణ్యతే ఇక్కడి ప్రతి షెడ్డులోనూ ఉంటుందని నేను అనను. కానీ బాగా చేసిన రీబటన్ టైరును సరైన గాలితో నడిపితే అది చెడ్డది కాదు, అధిక బరువు వేసి గాలి చూడకుండా నడిపితే కొత్తదీ నిలవదు.

బరువు అన్నాను కాబట్టి, డ్రైవరు తలుపు తెరిచినప్పుడు స్తంభం మీద కనిపించే స్టిక్కరు చూడండి. కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపల ఉంటుంది. ఇద్దరు కూర్చున్నప్పుడు ఎంత గాలి, నిండా మనుషులూ సామానూ ఉన్నప్పుడు ఎంత గాలి అని చాలా కార్లకు రెండు వరుసలుంటాయి. నిండా ఎక్కినప్పుడు, ముఖ్యంగా వెనక చక్రాలకు, గాలి పెంచాలి. పెళ్లికి ఏడుగురు ఎక్కి, పైన క్యారియరు మీద పెట్టెలు కట్టి బయలుదేరేటప్పుడు ఆ రెండో వరుస చూసినవాళ్లను నేను అరుదుగా చూశాను. అదే ప్రయాణానికి ఎండ పేరు చెప్పి గాలి తగ్గించినవాళ్లను మాత్రం ప్రతి వేసవిలోనూ చూస్తున్నాను.

ఇన్ని చూసుకున్నా ఒక ఇనుప ముక్క చాలు. కాబట్టి పేలినప్పుడు ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. బ్రేకు తొక్కకూడదు. అదే కష్టం, ఎందుకంటే కాలు తనంతట తాను అటే పోతుంది. పేలిన చక్రం బండిని తన వైపు లాగుతూ ఉంటుంది. గట్టిగా బ్రేకు వేస్తే పట్టున్న చక్రాలకూ పట్టులేని చక్రానికీ తేడా ఒక్కసారిగా పెరిగి బండి గిర్రున తిరుగుతుంది. స్టీరింగును రెండు చేతులతో నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటరు మీంచి కాలు మెల్లగా తీసి, బండి తానే నెమ్మదించేదాకా వరుసలోనే నడపాలి, తర్వాతే ఎడమ పక్కకు తీయాలి. ముందు చక్రం పేలితే స్టీరింగు బరువెక్కి ఒక పక్కకు లాగుతుంది. వెనకది పేలితే బండి తోక ఊపుతుంది, అదుపు చేయడం మరీ కష్టం. అందుకే రెండే కొత్త టైర్లు కొన్నప్పుడు వెనక వేయించాలని టైరు కంపెనీలు చెబుతాయి. మన షాపుల్లో చాలాసార్లు ముందు వేస్తారు. అడిగి మరీ వెనక వేయించుకోండి. సీటు బెల్టు వెనక కూర్చున్నవాళ్లూ పెట్టుకోవాలి, పల్టీ కొట్టే బండిలో మనుషులు బయటికి విసిరేసినట్టు పడేది బెల్టు లేకే.

గాలి కొలిచే చిన్న మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. బంకుల్లో ఉన్న యంత్రం సరిగ్గా చూపిస్తుందో లేదో నమ్మకం లేని దేశంలో అది ప్రతి ఇంట్లో ఉండాలి. నెలకోసారీ, దూర ప్రయాణానికి ముందూ, తెల్లవారి బండి కదలక ముందు, స్టెప్నీతో సహా కొలవాలి. ఇది మన చేతిలో పని.

మన చేతిలో లేని పని ఒకటుంది, అది పోలీసులది, రవాణా శాఖది. టైరు పేలిందని చెప్పిన ప్రతి ప్రమాదంలోనూ పంచనామాలో నాలుగు సంగతులు రాయమనండి. పేలిన టైరు మీది తయారీ అంకెలు, గాడుల లోతు, బండిలో ఉన్న మనుషుల సంఖ్యా సామాను బరువూ, చెక్కుచెదరకుండా మిగిలిన చక్రాల్లో గాలి ఎంతుందన్నది. పేలిన టైరులో గాలి ఎంతుండేదో ఇక ఎవరూ చెప్పలేరు. మిగిలిన మూడు టైర్లూ అక్కడే ఉన్నాయి. వాటన్నింటినీ ఒకే రోజు, ఒకే కొట్టులో, ఒకే చేయి నింపి ఉంటుంది. బండిని క్రేనుతో లేపి తీసుకుపోయే ముందు ఒక కానిస్టేబులు మీటరు పెట్టి ఆ మూడు అంకెలూ రాసుకోవడానికి అయిదు నిమిషాలు పడుతుంది. రెండు వేసవుల పాటు జాతీయ రహదారులు 16, 44, 65 మీద ఇలా రాస్తే, గాలి తగ్గించమని చెప్పే పెద్దలకు చూపించడానికి మన దగ్గర మన రోడ్ల లెక్కే ఉంటుంది.